వెనక బండికి బ్రేకు

రెండో పిన్ను కన్నంలోకి దిగడం లేదు. ఆర్డిత్ గులకరాళ్ళ మీద మోకాళ్ళు ఆన్చి, కారును మోటర్‌హోమ్‌కు కట్టే టో బార్‌ను ఒక భుజంతో నెట్టి పట్టుకుని, రెండో చేత్తో పిన్నును అటూ ఇటూ తిప్పుతోంది. అంతలో మోటర్‌హోమ్ ముందు నుంచి హారన్ మోగింది. మొగుడు గేలన్ డ్రైవరు సీట్లో సిద్ధంగా ఉన్నాడనీ, ఆలస్యమంతా ఆమెదేననీ ఆ హారన్‌కు అర్థం. పక్క బండివాళ్ళు కాఫీ కప్పులు పట్టుకుని మడత కుర్చీల్లోంచి తలలు తిప్పి చూశారు.

"అయిందా బంగారం?" గేలన్ కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు. "ఎండెక్కుతోంది!"

"ఎండ నీకంటే నాకే ఎక్కువ తగులుతోంది," అంది ఆర్డిత్, అతనికి వినపడనంత మెల్లగా. పైకి మాత్రం "వస్తున్నా" అంది.

నెబ్రాస్కాలో ఇల్లు అమ్మేసి ఈ చక్రాల ఇంట్లోకి మారినప్పుడు పనులు ఎలా పంచుకోవాలన్నది వాళ్ళిద్దరూ కూర్చుని మాట్లాడుకోలేదు. దానంతటదే జరిగిపోయింది. బస్సంత మోటర్‌హోమ్‌ను నడపడం గేలన్ పని. ఆగిన ఊళ్ళో సరుకులకూ డాక్టరుకూ తిరగడానికి చిన్న కారొకటి కావాలి కాబట్టి ఆర్డిత్ కారును వెనక కట్టి, నాలుగు చక్రాల మీదే లాక్కెళతారు. ఆ కట్టడం, విప్పడం ఆమె పని. పిన్నులు, గొలుసులు, లైట్ల తీగ. కారు గేరు న్యూట్రల్‌లో ఉందా, స్టీరింగు తాళం విడిందా, హ్యాండ్ బ్రేకు దించి ఉందా. అన్నీ చూసుకున్నాక వెనక నిలబడి, అతను పైన కూర్చుని ఒక్కొక్క లైటే వేస్తుంటే ఎడమది వెలిగింది, కుడిది వెలిగింది అని కేకలెయ్యాలి. ఇలాంటి బండ్లు ఆగే ఏ క్యాంపులో చూసినా ఇదే వరస. మొగుళ్ళు పైన, పెళ్ళాలు కింద. మొగుడు దారి తప్పితే ఇక చెప్పక్కర్లేదు. కారు కట్టి ఉండగా మోటర్‌హోమ్ వెనక్కి రాదు. పెళ్ళాం నడిరోడ్డు మీద దిగి, వెనకవాళ్ళ హారన్ల మధ్య కారు విప్పి, దాన్ని పక్కకు తీసి, ఇతను బండి మళ్ళించుకున్నాక మళ్ళీ కట్టాలి. చెమటతో తడిసిపోయి ఆమె పైకెక్కేసరికి గేలన్ ఏసీ కింద కూర్చుని, "మ్యాపు చూసింది నువ్వేగా" అంటాడు.

ఇన్ని జాగ్రత్తలున్న ఆ కారుకు బ్రేకు మాత్రం లేదు. అంటే ఉంది. కానీ దాంట్లో ఎవరూ కూర్చోరు కాబట్టి దాన్ని తొక్కే కాలు లేదు. ముందు బండి ఆగాలనుకున్నప్పుడు వెనక కారు ఆగాలనుకోదు, తోస్తుంది. చదును నేల మీద ఆ తోపు తెలియదు. కొండ దిగేటప్పుడు తెలుస్తుంది.

పోయిన శరదృతువులో ఫ్లాగ్‌స్టాఫ్ నుంచి కిందికి దిగుతుంటే తెలిసింది. చలికాలమంతా ఎడారిలో గడపడానికి వస్తున్నారు. దిగుడు మొదలవకముందే ఆర్డిత్ అంది, "గేరు తగ్గించు గేలన్." అతను నవ్వాడు. "ఇది ఆటోమేటిక్ బండి. గేరు సంగతి అదే చూసుకుంటుంది." సగం దిగేసరికి అతను బ్రేకు మీంచి కాలు తియ్యడం మానేశాడు. ఇంకొంచెం దిగేసరికి కాలిన రబ్బరు వాసన లోపలికి కొట్టింది. బ్రేకు నొక్కితే మెత్తగా నేలదాకా పోతోందన్న సంగతి అతను చెప్పలేదు, అతని మెడ మీద నరాన్ని చూసి ఆమెకే తెలిసింది. బ్రేకులు పోయిన ట్రక్కుల కోసం రోడ్డు పక్కన కంకర పోసి ఎత్తుగా కట్టిన దారి కనపడగానే, దాంట్లోకి పొమ్మని అరిచింది. అతను పోలేదు. పరువు. అదృష్టం బాగుండి కింద రోడ్డు మళ్ళీ ఎత్తెక్కింది, బండి తనంతట తనే నిదానించింది.

క్యాంపులో చలిమంట చుట్టూ ఆ సంగతి గేలన్ నోట వేషం మార్చుకుంది. "మా ఆర్డిత్ ఆ దిగుడులో చదివిన ప్రార్థనలు పాస్టరు కూడా చదివుండడు!" అన్నాడు. మగవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆడవాళ్ళు కూడా నవ్వారు కానీ, ఎవరి కప్పులోకి వాళ్ళు చూసుకుంటూ నవ్వారు. నోరీన్ ఒక్కతే నవ్వలేదు. మొగుణ్ణి టుసాన్‌లో వదిలించుకుని మోటర్‌హోమ్ తను ఉంచుకున్న మనిషి ఆమె. బండి తనే నడుపుకుంటుంది, కారు తనే కట్టుకుంటుంది, హారన్ కొట్టేవాడు లేడు. మర్నాడు ఆర్డిత్ బట్టలారేస్తుంటే వచ్చి పక్కన నిలబడింది.

"ఏమే, బ్రేకు లేని కారును వెనకేసుకుని కొండ దిగుతున్నావంటే నీకు బతుకు మీద విసుగన్నా ఉండాలి, మొగుడి మీద నమ్మకమన్నా ఉండాలి. ఏదే నీకు?"

"రెండూ కాదు. అలవాటు," అంది ఆర్డిత్.

"తగలెయ్యి ఆ అలవాటు," అంది నోరీన్. తన కారు తలుపు తీసి మరీ చూపించింది. కారుకు బ్రేకు వేసే ఏర్పాట్లు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి పెట్టె. డ్రైవరు సీటు ముందు నేల మీద పెడితే, ముందు బండి నిదానించినప్పుడల్లా పెట్టెకున్న చెయ్యి కారు బ్రేకు పెడల్‌ను తొక్కుతుంది. బిగింపు పని లేదు, కానీ కారు కట్టిన ప్రతిసారీ మోసుకొచ్చి పెట్టాలి, విప్పిన ప్రతిసారీ తియ్యాలి. రెండోది వర్క్‌షాపువాళ్ళు ఒక్కసారి కారు లోపల బిగించేస్తే శాశ్వతంగా ఉండిపోయేది. ఆ తర్వాత ఒక తీగ తగిలిస్తే చాలు. ఏది కొన్నా సన్నటి ఉక్కు తీగ ఇంకొకటి ఉండి తీరాలి. ఖర్మ కాలి కారు తెగిపోతే ఆ తీగ లాగుడుకు బ్రేకు పడి, కారు తనంతట తనే ఆగుతుంది. "లేకపోతే నీ కారు ఎదురొచ్చేవాడి ఒళ్ళోకి పోతుంది," అంది నోరీన్. "నిన్ను కాదు, ఎవడో ముక్కూ మొహం తెలీనివాణ్ణి చంపుతావు."

ఆ చివరి మాట ఆర్డిత్‌కు నిద్ర లేకుండా చేసింది.

గేలన్ చెవిన వేసుకోలేదు. "మన బండి బ్రేకులు ఏనుగునైనా ఆపుతాయి. ఇన్నేళ్ళుగా జనం ఇలాగే లాక్కెళుతున్నారు, ఎవరూ చావలేదు."

"చచ్చినవాళ్ళు క్యాంపుకొచ్చి చెప్పరుగా," అంది ఆర్డిత్.

ఆ మాటకు రెండు రోజులు మొహం ముడుచుకుని తిరిగాడు. మూడో నాడు క్వార్ట్‌జ్‌సైట్ పాత సామాన్ల సంతకు వెళ్ళి, ఎవడో అమ్మకానికి పెట్టిన బ్రేకు పెట్టెను తెచ్చి ఆమె ముందు దించాడు. "ఇదిగో. నీ కోసమే తెచ్చా. సంతోషమేనా?" పుట్టినరోజుకు వంటగిన్నెలు తెచ్చి ఇచ్చినప్పుడు కూడా ఇదే మొహం పెట్టేవాడు. ఆ పెట్టె బియ్యం మూటంత బరువు. వంగి, కారు తలుపులోంచి దాన్ని స్టీరింగు కిందికి దూర్చి, పెడల్‌కు తగిలించి, తీగలు గుచ్చడం ఎవరి పని? కారు కట్టేవాళ్ళ పని. అంటే రక్షణ అడిగినందుకు ఆమెకు ఇంకో చాకిరీ దొరికింది. అయినా చేసింది. ఒళ్ళు వంచి నెలన్నర చేసింది. వరండా మీద పడుకునే పెద్ద కుక్కను రోజూ ఎత్తి ఇంట్లోకి మోసినట్టుండేది. చివరికి ఎడమ భుజం పైకి లేవడం మానేసింది. తల దువ్వుకోవాలంటే చేతికి తలే కిందికి రావాలి.

ఆ రోజు ఎత్తలేనని చెప్పింది. గేలన్ నిట్టూర్చి, సీట్లోంచి దిగి, అంగలు వేస్తూ వెనక్కి వచ్చాడు. "ఇంతోటి దానికి ఇంత గొడవ! చూడు, ఎంతసేపు పట్టిందో." పెట్టె కదలకుండా ఉండాలని సీటును ముందుకు జరిపి దాన్ని పెడల్‌కు గట్టిగా ఆనించి బిగించేశాడు. పెట్టెకూ పెడల్‌కూ మధ్య కొంచెం ఖాళీ ఉండాలని ఆమె అంటూనే ఉంది. "ఖాళీ ఉంటే ఊగుతుంది. ఇవన్నీ నాకు చెప్పకు," అన్నాడు. దాంతో దారి పొడుగునా ఆ పెట్టె పెడల్‌ను కొంచెంగా తొక్కుతూనే ఉంది. అంత పెద్ద బండి ముందు లాగుతుంటే వెనక ఈ చిన్న కారు బ్రేకులు పట్టుకుని ఈడ్చుకుంటూ వస్తోందన్న సంగతి వాళ్ళకు తెలియనే లేదు. పక్కనుంచి పోతున్న ట్రక్కువాడు హారన్ కొట్టి వెనక్కి వేలు చూపిస్తే ఆపి దిగి చూశారు. ముందు చక్రాల్లోంచి పొగ. లోపలి బ్రేకు పళ్ళాలు వేడికి నీలం రంగు తేలాయి. ఆర్డిత్ మంటలార్పే సిలిండరు పట్టుకుని నిలబడితే, గేలన్ నడుం మీద చేతులు వేసుకుని కారును చూసి తల ఊపాడు.

"నే చెప్పలా? పెట్టె లోపం. ఇవన్నీ జనాన్ని భయపెట్టి అమ్మే సరుకులు. ఇంక నీ బ్రేకు ముచ్చట తీరిందిగా? కారు బాగు చేయించుకుని, ఏ పెట్టె లేకుండా హాయిగా కొలరాడో మీదుగా నెబ్రాస్కా వైపు పోదాం. వుల్ఫ్ క్రీక్ కనుమ మీద మంచు ఇంకా ఉంటుందట. ఫోటోలు తీసుకోవచ్చు."

కనుమ అన్న మాట వినగానే ఆమెకు మళ్ళీ కాలిన వాసన కొట్టింది. అప్పుడు అత్తగారు గుర్తొచ్చింది. అత్తగారు అర్మా బతికున్నప్పుడు ఆదివారం చర్చి నుంచి వస్తూ వెనక సీట్లోంచి పాఠం చెప్పేది, "మగాడు నడుపుతుంటే పక్కనున్నది నోరు మూసుకుని శాండ్‌విచ్ అందించాలమ్మా. దారి గురించి నోరెత్తకూడదు." ఆర్డిత్ శాండ్‌విచ్‌లు బోలెడు అందించింది. గేలన్ ట్రాక్టర్ల విడిభాగాల దుకాణంలో జీతం లేకుండా కౌంటరు వెనక నిలబడింది. ఫోన్‌లో రైతులు "మగవాళ్ళెవరన్నా ఉంటే ఇవ్వమ్మా" అంటే ఇచ్చేది. గేలన్ ఫోను మీద చెయ్యి మూసి ఆమెనే అడిగి, ఆమె చెప్పిందే గంభీరంగా అవతలివాడికి చెప్పేవాడు. ఇంటికొచ్చి "ఇవాళ బాగా అలిసిపోయా" అని కుర్చీలో వాలేవాడు, ఆమె వంటింట్లోకి పోయేది. ఇదంతా తలుచుకుంటే ఆమెకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. తనేదో కానుక అడిగినట్టు, ముచ్చట పడినట్టు మాట్లాడతాడేం? ప్రాణం ముచ్చటా?

"నువ్వు పో," అంది.

"ఏంటి?"

"కనుమ మీద నువ్వు పో. సరైన బ్రేకు పెట్టేదాకా నా కారు నీ బండికి కట్టను. విడిగా నేనే నడుపుకుంటూ వస్తా."

"నీ కారు, నా బండి ఏంటే కొత్తగా? అన్నీ మనవేగా."

"హారన్ కొట్టేప్పుడు నీదే. కారు కాగితాల మీద పేరు నాది. అది ఎక్కడికి, దేని వెనక పోవాలో నేను చెప్తా."

అతను నవ్వబోయాడు. ఆమె మొహం చూసి మానుకున్నాడు.

కారు బ్రేకులు మార్చడానికి యూమాలో ఒక వర్క్‌షాపుకు చేర్చారు. అక్కడి మేస్త్రీ వెండెల్ చేతులు తుడుచుకుంటూ వచ్చి తిన్నగా గేలన్‌తో మొదలుపెట్టాడు. "సార్, మీ బండికైతే రెండు మూడు రకాలున్నాయి..." గేలన్ గోడ మీది బొమ్మలు చూస్తూ, "తక్కువలో అయిపోయేది ఏదో చూడు" అన్నాడు. ఆర్డిత్ ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడింది.

"ఇటు తిరిగి చెప్పండి. కారు నాది, కట్టేది నేను."

వెండెల్ తడబడి తిరిగాడు. ఆమె అడగాల్సినవి ఒకదాని వెంట ఒకటి అడిగింది. మోసే పని ఉంటుందా? ఉండదు, కారు లోపల బిగించేస్తాం, మీరు ఒక్క తీగ తగిలించాలి. ముందు బండి మెల్లగా నిదానిస్తే ఇది మెల్లగా, గట్టిగా ఆగితే ఇది గట్టిగా తొక్కుతుందా, లేక ఎప్పుడూ ఒకేలా తొక్కుతుందా? ముందు ఎంతో వెనకా అంతే, తల్లీ. తొక్కకూడనప్పుడు తొక్కితే మాకెలా తెలుస్తుంది? ముందు బండిలో ఒక చిన్న మీట పెట్టె ఉంటుంది, బ్రేకు పడినప్పుడల్లా దాని మీద దీపం వెలుగుతుంది. కారు తెగిపోతే? ఉక్కు తీగ లాగుతుంది, కారు ఆగుతుంది. గేలన్ మధ్యలో గడియారం చూసుకున్నాడు, ఆమె చూడనట్టే ఊరుకుంది.

"ఆ మీట పెట్టెకు మీట ఎందుకు?" అని అడిగింది.

"అవసరమైతే చేత్తో నొక్కి కారు బ్రేకు ఒక్కటీ వెయ్యొచ్చు. కారు అటూ ఇటూ ఊగినా, దిగుడులో ముందు బండిని వెనక్కి పట్టాలన్నా పనికొస్తుంది. సార్ చేతికి అందేట్టు స్టీరింగు పక్కన పెట్టేస్తా."

ఆర్డిత్ తల తిప్పింది. వర్క్‌షాపు తలుపులోంచి బయట మోటర్‌హోమ్ కనిపిస్తోంది. ముందు అద్దం వెనక రెండు పెద్ద సీట్లు. ఎడమ దాని ముందు స్టీరింగు, పెడళ్ళు, మీటర్లు, మీటలు. కుడి దాని ముందు కాగితపు రుమాళ్ళ డబ్బా, మ్యాపులు, కప్పు పెట్టుకునే గుంట. ఇన్నేళ్ళూ ఆ కుడి సీట్లో కూర్చుని, అదే రోడ్డు మీద, అదే వేగంతో, అదే చావుకు దగ్గరగా వెళ్ళింది.

"వద్దు. నా వైపు పెట్టండి," అంది.

గేలన్ ఫక్కున నవ్వాడు. "ఏంటి? బండి నేను నడుపుతుంటే బ్రేకు నువ్వేస్తావా?"

"వేస్తా."

"విన్నావా వెండెల్? ఇంక నేను ఇంట్లోనే కూర్చుంటా!"

వెండెల్ నవ్వలేదు. ఆమె మొహం వైపు ఒకసారి చూసి, "కుడి వైపు" అని లోపలివాళ్ళకు కేకేశాడు.

మే నెలలో కనుమ ఎక్కారు. పైన నిజంగానే మంచుంది. గేలన్ ఫోటోలు తీశాడు, ఆర్డిత్ కారు చుట్టూ తిరిగి తీగలు, గొలుసులు చూసుకుంది. చక్రాల మీద చెయ్యి పెట్టి చల్లగానే ఉన్నాయని రూఢి చేసుకుంది. దిగుడు మొదలయ్యే చోట పసుపుపచ్చ బోర్డు మీద ట్రక్కు బొమ్మ, ఏటవాలు గీత ఉన్నాయి.

"గేరు తగ్గించు గేలన్," అంది.

"చూసుకుంటున్నా."

బండి వేగం అందుకుంది. ఒక పక్క కొండ చరియ, రెండో పక్క పైన్ చెట్ల తలలు మాత్రమే కనిపిస్తున్న లోయ. అతను బ్రేకు తొక్కాడు, వదిలాడు, మళ్ళీ తొక్కాడు. తొక్కినప్పుడల్లా ఆమె పక్కన దీపం వెలిగింది. వెనక కారు తన వంతు తను ఆగుతోంది. ఫరవాలేదు అనుకుంది. కానీ వంపు దగ్గరపడుతోంది, బోర్డు మీద రాసిన వేగానికి వీళ్ళ వేగం చాలా ఎక్కువ. గేలన్ బ్రేకు మీద నుంచి కాలు తీసి, పక్కకు తిరిగి, "అదిగో, జలపాతం చూడు" అన్నాడు.

ఆర్డిత్ జలపాతం చూడలేదు. నోరెత్తి చెప్పాలన్న అలవాటు గొంతుదాకా వచ్చింది, మింగేసింది. మీట మీద బొటనవేలు పెట్టి నొక్కింది.

చొక్కా అంచు పట్టి వెనక నుంచి ఎవరో గుంజినట్టు బండి వెనక్కి లాగింది. అల్మారాలో ప్లేట్లు గలగలమన్నాయి. గేలన్ రెండు చేతులా స్టీరింగు పట్టుకుని కంగారుగా అద్దాల్లోకి చూశాడు. "ఏమైంది? వెనకేదో పట్టేసింది!"

"ఏం పట్టలేదు. నేనే నొక్కా."

"నువ్వా? పిచ్చా నీకు? వదులు! ఆర్డిత్, వదులు ముందు!"

వదిలింది. బండి ఊపిరి తీసుకున్నట్టు ముందుకు జరిగి మళ్ళీ వేగం అందుకోబోయింది. మళ్ళీ నొక్కింది, వదిలింది. కారు బ్రేకులు వేడెక్కకుండా ఉండాలంటే పట్టి పట్టి వదలాలని వెండెల్ చెప్పాడు. ఆమె గొంతు మామూలుగానే ఉంది. కూర ఇంకొంచెం వడ్డించనా అని అడిగినంత మామూలుగా.

"నువ్వు గేరు తగ్గించేదాకా ఇలాగే నొక్కుతా. తగ్గించావంటే దీని జోలికి రాను. నీ ఇష్టం."

అతను ఆమె వైపు ఒక్కసారి తిరిగి చూశాడు. ఆ చూపులో కోపం ఉంది, అవమానం ఉంది. కోపం కరగలేదు కానీ, చెయ్యి మాత్రం కదిలింది. చూపు మళ్ళీ రోడ్డు మీదే ఉండగా, వెతుక్కోకుండా, తిన్నగా గేరు మీట పక్కనున్న బొత్తాం దగ్గరికి పోయి, రెండుసార్లు నొక్కింది. ఇంజను గర్రుమంది. బండి వేగం దానంతటదే తగ్గి, వంపు దగ్గరికి నిమ్మళంగా వచ్చి, నిమ్మళంగా తిరిగింది. బ్రేకు మీద కాలే పడలేదు.

ఆర్డిత్ మీట మీద నుంచి వేలు తీసింది. గండం గడిచిందని గుండె కుదుటపడాలి కదా, పడలేదు. ఆమె అతని చేతినే చూస్తూ ఉండిపోయింది. ఆ చెయ్యి తడబడలేదు. ఎక్కడ నొక్కాలో, ఎన్నిసార్లు నొక్కాలో దానికి బాగా తెలుసు. బండి కొన్నప్పుడు వచ్చిన పుస్తకంలో ఆ బొత్తాం సంగతి తనే బిగ్గరగా చదివి వినిపించింది. ఆటోమేటిక్ బండికి గేర్లుండవని అతను నవ్వితే, పాపం తెలియదు కాబోలని మళ్ళీ చదివింది. ప్రతి కొండ దగ్గరా ఓపిగ్గా, నొప్పించకుండా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. తెలియని మనిషికి చెబుతున్నాననుకుంది. పోయిన ఏడు ఆ దిగుడులో, కాలుతున్న వాసనలో, తను గొంతు చించుకుని అరుస్తున్నప్పుడు కూడా ఆ బొత్తాం అక్కడే ఉంది, అతనికి తెలుసు.

తెలియక కాదు, చెప్పింది తను కాబట్టి.

"అలిగావా?" అన్నాడు గేలన్ కాసేపటికి, రోడ్డు మీదే చూపు పెట్టి.

"లేదు," అంది ఆర్డిత్. నిజంగానే అలగలేదు. ముందు ఇంకా చాలా దిగుడుంది. "నేనింక నీకేమీ చెప్పను గేలన్."

అతను హమ్మయ్య అన్నట్టు కుర్చీలో వెనక్కి వాలాడు. ఆ మాటకు అర్థం అతనికి రెండో వంపు దగ్గర, మళ్ళీ వేగం అందుకున్న బండిని ఆమె మీట, ఒక్క మాటైనా లేకుండా, వెనక నుంచి ఒక్క ఉదుటున గుంజినప్పుడు తెలిసింది.